నాయిన ఆపరేషన్

వనపర్తిలో డాక్టర్ శ్రీజ దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది అసలు సంగతి ముందు చెప్పరు. మోకాళ్ల నొప్పులతో మొదలుపెడతారు. ఆకలి కావడం లేదంటారు. మందులు రాయించుకుని, కుర్చీలోంచి సగం లేచి, అప్పుడు గొంతు తగ్గించి, "దొడ్డికి పోయినప్పుడు జర రక్తం పడుతుంది మేడం" అంటారు. శ్రీజ వాళ్లను మళ్లీ కూర్చోబెడుతుంది. సిగ్గుపడాల్సిన పని లేదని ఉపన్యాసం ఇవ్వదు. "ఎప్పటి సంది పడుతుంది? ఎర్రగనా, నల్లగనా? నొప్పి ఉంటదా?" అని జ్వరం గురించి అడిగినట్టే అడుగుతుంది. ఆ అడిగే తీరుతోనే వాళ్ల భయం సగం దిగిపోతుంది.

ఆమె పెద్దపేగు, మలద్వారం జబ్బులకు ఆపరేషన్లు చేసే సర్జన్. ఆ చదువు చదివినవాళ్లు హైదరాబాద్ దాటి రావడం అరుదు. శ్రీజ వచ్చింది. మొదట్లో మొలలకు లేజర్, భగందరాలకు ఆపరేషన్, పేగులోకి సన్నటి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష, ఇవే చేసేది. తర్వాత పేగు క్యాన్సర్లకు కూడా పొట్టను నిలువునా కోయకుండా, నాలుగైదు చిన్న రంధ్రాల్లోంచి పనిముట్లు పంపి, తెర మీద చూస్తూ లోపలి పని ముగించడం మొదలుపెట్టింది. ఊళ్లలో దానికి 'టీవీ ఆపరేషన్' అని పేరు పడింది. టీవీ ఆపరేషన్ అయినవాళ్లు మర్నాడే వరండాలో నడుస్తుంటే, పరామర్శకు వచ్చిన చుట్టాలు ఆపరేషన్ ఇంకా కాలేదేమో అనుకునేవాళ్లు.

ఒక సోమవారం పొద్దున ఓపీ నడుస్తోంది. నర్సు సరోజ తలుపు దగ్గర నిలబడి తరువాతి పేరు పిలిచింది.

"గోవిందు. గద్వాల."

శ్రీజ అంతకుముందు చూసిన పేషెంటుకు మందులు రాస్తూ తల ఎత్తలేదు. "కూసోండి పెద్దాయనా. ఏం బాధ?" అంది. జవాబు రాకపోయేసరికి తలెత్తి చూసింది. ఎదురుగా స్టూలు మీద వాళ్ల నాయిన కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని వేసుకున్నాడు. చేతిలో ఓపీ చీటీ ఉంది.

"నాయినా? నువ్వేంది గిట్ల వచ్చినవు? ఫోన్ చెయ్యొచ్చు గదా."

"లైన్ల కూసొనే వచ్చిన. నీ సరోజమ్మకు నేనెవరో తెల్వదు. చెప్పలే."

"అమ్మకు బాగలేదా?"

"అమ్మకేం కాలే. నాకే." గోవిందు చీటీని బల్ల మీద పెట్టాడు. "ఇంట్ల చెప్పలేకపోయిన బిడ్డా. కన్నబిడ్డకు గిట్లాంటిది నోరు తెరిసి ఎట్ల చెప్పాలె? డాక్టరుకైతే చెప్పొచ్చు అనుకున్న. పొద్దున బస్సెక్కిన."

గోవిందు గద్వాలలో నేతగాడు. చిన్నప్పటి నుంచి గుంట మగ్గం మీద కూర్చుని చీరలు నేసిన మనిషి. శ్రీజ చదువుకు ఆ మగ్గమే ఆధారం. ఇంట్లో ఏదైనా గట్టిగా చెప్పగలిగేవాడే గానీ తన ఒంటి గురించి మాత్రం ఎన్నడూ నోరెత్తి ఎరగడు. ఇప్పుడు ఆయన ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ చెప్పాడు. ఎండాకాలం నుంచి రక్తం పడుతోంది. మొదట్లో అప్పుడప్పుడు, ఇప్పుడు దాదాపు రోజూ. మలం సన్నగా వస్తోంది. పోయి వచ్చినా ఇంకా పోవాలనే అనిపిస్తోంది.

"మొలలు అనుకున్న. గుంటల కూసొని నేసేటోళ్లల మొలలు లేనోడు ఎవడు? బయట బెంచి మీద నా పక్కన ఒకాయన ఉండె. ఆయనకు కూడా గిట్లనే అయితే నువ్వు పేగుల గడ్డ పట్టుకున్నవంట. దండం పెట్టినట్టు చెప్పిండు నీ గురించి. నేనట్లనే వింటుంటి."

శ్రీజకు కోపం వచ్చింది. నెలనెలా ఇంటికి వెళ్తూనే ఉంది, ఆయన ఎదురుగా కూర్చుని అన్నం తింటూనే ఉంది. ఊళ్లవాళ్లందరి రక్తం గురించి అడిగిన నోరు సొంత తండ్రిని అడగలేదు. కోపం ఆయన మీదో తన మీదో తేల్చుకోకుండానే లేచి నిలబడింది.

"నాయినా, నిన్ను నేను చూడ. నాతోటి ఇంకో డాక్టరున్నడు. ఆయన చూస్తడు."

"ఎందుకు? ఇంతసేపు నీ కోసమే కూసుంటి గదా."

"నిన్ను చూసేటప్పుడు నేను డాక్టరు లెక్క ఉండలేను. అందుకు."

గోవిందు బల్ల మీది చీటీ మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "సరే, పిలువు" అన్నాడు.

ఆ ఇంకో డాక్టరు పేరు తిమ్మప్ప. అయిజ పక్కన ఒక పల్లెలో మిరప పండించే ఇల్లు వాళ్లది. మల్దకల్ తిమ్మప్ప స్వామికి మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారు. సర్జరీ చదివి ఈ ఆసుపత్రిలో చేరేనాటికి అతనికి పొట్ట తెరిచి చేసే ఆపరేషన్లే వచ్చు. తెర మీద చూస్తూ చేయడం శ్రీజ దగ్గరే నేర్చుకున్నాడు. ఆమె నేర్పే పద్ధతిలో మెప్పు తక్కువ. బాగా చేస్తే ఏమీ అనదు, తప్పు పోతుంటే "ఆగు" అంటుంది. రెండు మూడేళ్లకు ఆ "ఆగు" వినబడటం ఆగిపోయింది. తనకు పని వచ్చిందని తిమ్మప్పకు అప్పుడే తెలిసింది.

అతను గోవిందును లోపలికి తీసుకెళ్లి తలుపు వేశాడు. రెండు రోజుల తర్వాత, పేగు శుభ్రం కావడానికి మందు తాగించి, కెమెరా పరీక్ష కూడా అతనే చేశాడు. శ్రీజ గది బయట నిలబడింది. ఇంతకాలం ఆ తలుపు అవతలి వైపు నుంచే చూసిన ఆమెకు, బయట నిలబడితే ఎట్లా ఉంటుందో మొదటిసారి తెలిసింది.

తిమ్మప్ప బయటికి వచ్చి మాటలు వెతుక్కోలేదు. ఫోటో చూపించాడు.

"గడ్డ ఉంది మేడం. పెద్దపేగు కింది మలుపుల. ముక్క తీసి పంపిస్తున్న. స్కాన్ ఇయ్యాల్నే చేపిద్దాం."

ముక్క పరీక్షలో క్యాన్సర్ అని తేలింది. స్కానింగులో కాలేయం, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. గడ్డ పేగు దగ్గరే ఉంది, ఎక్కడికీ పాకలేదు. తీసేయవచ్చు.

ఆ వారాంతం శ్రీజ గద్వాల వెళ్లింది. ముందరి గదిలో మగ్గం మీద సగం నేసిన చీర అట్లాగే ఉంది. తల్లి ఇందిరమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. పాత బస్టాండు దగ్గర చీరల దుకాణం నడిపే తమ్ముడు విజయ్ షట్టరు దించి వచ్చాడు. శ్రీజ దాచకుండా అంతా చెప్పింది. ఇందిరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ ఏడవలేదు.

విజయ్ వెంటనే అన్నాడు. "పట్నం తీస్కపోదాం అక్కా. పెద్ద దవాఖానల చూపెడదాం. రేపే పోదాం."

"పోవొచ్చు. నా గురువుగారున్నరు. ఫోన్ చేసిన, తీసుకొని రమ్మన్నరు," అంది శ్రీజ.

"మరింకేంది?"

గోవిందు అప్పటిదాకా వింటూ ఉన్నాడు. "ఆ గురువుగారు చేసే ఆపరేషన్, వనపర్తిల మీరు చేసేది ఒకటేనా, వేరా?" అని అడిగాడు.

"ఒకటే నాయినా."

"పనిముట్లు?"

"అవే."

"మరి పాలమూరు నుంచి, అయిజ నుంచి, కొల్లాపూర్ నుంచి వచ్చేటోళ్లందరికి వనపర్తిలనే చేస్తుండ్రు. పట్నం పోయే పని లేదు, ఈడనే అయితదని వాళ్లకు చెప్తవు. నీ తండ్రిని మాత్రం పట్నం తోలుకపోతివంటే, నీ మాటను ఎవడు నమ్ముతడు?"

"నాయినా, ఇది ఇజ్జత్ ముచ్చట కాదు," అన్నాడు విజయ్. "నీ పానం ముచ్చట."

"పానం ముచ్చటనే అడుగుతున్న." గోవిందు శ్రీజ వైపు తిరిగాడు. "నువ్వే చెయ్యి."

"నేను చెయ్య." శ్రీజ గొంతు స్థిరంగానే ఉంది. "చేతులు వణుకుతయని కాదు. లోపల ఏదన్న కష్టం వస్తే డాక్టరు ఆలోచించాలె. నేను బిడ్డ లెక్క ఆలోచిస్త. అది నీకు మంచిది కాదు."

"అయితే తిమ్మప్ప చేస్తడా?"

తిమ్మప్ప ఇట్లాంటి ఆపరేషన్లు చాలానే చేశాడు. పక్కన శ్రీజ లేకుండా కూడా చేశాడు. వాళ్లెవరూ ఆమె తండ్రులు కారు. ఆ ఆలోచన రాగానే ఆమెకే సిగ్గనిపించింది. వాళ్లందరూ ఎవరో ఒకరి తండ్రులు, తల్లులు. వాళ్లకు సరిపోయిన చెయ్యి గోవిందుకు ఎందుకు సరిపోదు? సరిపోదనుకుంటే ఇన్నాళ్లూ వాళ్లను ఎట్లా అప్పగించింది?

"చేస్తడు," అంది. "మంచిగ చేస్తడు."

"నువ్వే నేర్పినవు గదా?"

"నేనే నేర్పిన."

"మరి చాలు." గోవిందు అక్కడికి మాట ముగించాడు. తర్వాత కుతూహలంగా, "కోసి తీసినంక ఆ రెండు కొసలు ఎట్ల అతుకుతరు? సూదితోనా?" అని అడిగాడు.

శ్రీజ ఒక కాగితం మీద బొమ్మ వేసి చూపించింది. పేగు పై కొసలో గుండ్రటి మిషను తల ఒకటి పెడతారు. మిషను కింది నుంచి వస్తుంది. రెండూ కలిసి నొక్కుకుంటే చుట్టూ సన్నటి పిన్నులు పడి అతుకు పడుతుంది, మధ్యలో దారి తెరుచుకుంటుంది. పట్టు అంచును నూలు చీరకు కలపడమే జీవితమంతా చేసిన మనిషి, ఆ బొమ్మను దగ్గరికి తీసుకుని చాలాసేపు చూశాడు. "లీక్ గాకుండ ఉందని ఎట్ల తెలుస్తది?" అన్నాడు. పొట్టలో నీళ్లు నింపి కింది నుంచి గాలి పంపుతామనీ, బుడగలు రాకపోతే అతుకు గట్టిగా ఉన్నట్టనీ చెప్పింది. ఆయన తృప్తిగా తలూపాడు. ఇందిరమ్మకు ఇవేవీ వినాలని లేదు. లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది.

ఆపరేషన్ రోజున తిమ్మప్ప పొద్దున్నే వార్డుకు వచ్చి గోవిందు మంచం పక్కన నిలబడ్డాడు.

"భయమైతుందా పెద్దనాయినా?"

"నీకైతుందా?"

తిమ్మప్ప నవ్వాడు. "జర అయితుంది. మేడంగారి నాయిన గదా."

"మేడంను యాదిల పెట్టుకోకు. నన్ను ఎవరో అయిజ సంత కాడి ముసలోడు అనుకొని చెయ్యి."

శ్రీజ ఆపరేషన్ గదిలోకి వెళ్లలేదు. అమ్మతో, తమ్ముడితో బయట కూర్చోవడమూ ఆమె వల్ల కాలేదు. వెళ్లి ఓపీలో కూర్చుంది. ఇద్దరిని చూసింది, ముగ్గురిని చూసింది. ఒకామె తన బాధ చెప్పి, "ఏం తినొచ్చు మేడం?" అని రెండుసార్లు అడిగాక గానీ ఆమెకు వినబడలేదు.

ఆపరేషన్ చాలాసేపు నడిచాక సరోజ వచ్చింది. "మేడం, తిమ్మప్ప సారు మిమ్ముల జర లోపటికి రమ్మంటుండు."

ఓపీ గది నుంచి ఆపరేషన్ గదికి దూరం ఎక్కువ లేదు. ఆ కొంచెం దూరంలోనే శ్రీజ మనసు జరగగల చెడంతా ఊహించేసింది. టోపీ, మాస్కు పెట్టుకుని లోపలికి వెళ్లింది. బల్ల మీద పడుకున్న మనిషి వైపు చూడలేదు. నేరుగా తెర వైపు చూసింది. రక్తస్రావం లేదు. గుండె కొట్టుకునే శబ్దం ఎప్పటిలా నిదానంగా వినబడుతోంది. కానీ గడ్డ ఉన్నచోట పేగు పొట్ట లోపలి గోడకు గట్టిగా అంటుకుపోయి ఉంది. దాని కిందనే ఎడమ మూత్రనాళం పోతుంది. తొందరపడితే అది తెగుతుంది.

తిమ్మప్ప తల తిప్పకుండానే మాట్లాడాడు. "ఇక్కడ అంటుకుంది మేడం. పొట్ట ఓపెన్ చెయ్యాల్నా అని ఒకసారి ఆలోచించిన."

"నీకేమనిపిస్తుంది?"

"అక్కర్లేదనిపిస్తుంది. పైన మంచి జాగల మూత్రనాళం దొరికింది, చూడున్రి, కదులుతుంది. దాని వెంబడే కిందికి వస్త. బయటి వైపు నుంచి విడిపిస్త. టైం పడతది. నాకేం తొందర లేదు."

శ్రీజ తెర మీద ఆ సన్నటి నాళాన్ని చూసింది. పనిముట్టు మొన తాకగానే అది పురుగులా ముడుచుకుని సాగింది. తాను చేసినా అదే చేసేది. కాదు, ఈ రోజు తాను చేస్తే భయపడి పొట్ట తెరిచేసేదేమో. తిమ్మప్ప చేతుల్లో ఆ భయం లేదు.

"మరి నన్నెందుకు పిలిచినవు?" అని అడిగింది.

"కష్టమైన కాడ ఇంకో కన్ను పెట్టుకోవాలె, అండ్ల నామోషీ లేదని మీరే చెప్తరు గద మేడం. ఎవరి ఆపరేషనైనా పిలిచేటోన్నే."

"సరిగ చేస్తున్నవు. కానియ్యి," అంది శ్రీజ. ఆమె నోటి నుంచి అతను ఆ మాట వినడం అదే మొదలు. తెర మీద పనిముట్టు ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలింది.

ఆమె బయటికి వచ్చి, ఈసారి ఓపీకి పోకుండా అమ్మ పక్కన బెంచి మీద కూర్చుంది. ఇందిరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఏమైంది బిడ్డా?"

"మంచిగ అయితుందమ్మా. జర లేటయితది."

తిమ్మప్ప వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. బాగా అలిసిపోయినప్పుడు అతని నోట ఊరి మాట, సరిహద్దు కన్నడం, వచ్చేస్తుంది.

"ఆయ్తు మేడం," అన్నాడు. అయిపోయిందని. తర్వాత ఇందిరమ్మ వైపు తిరిగి నెమ్మదిగా చెప్పాడు. "గడ్డ మొత్తం వచ్చిందమ్మా. పొట్ట తెరిసే పని పడలే. అతుకు మంచిగ పడింది. గాలి పెట్టి చూసినం, ఒక్క బుడగ రాలే. దొడ్డికి బయట సంచి పెట్టే పని కూడ లేదు."

విజయ్ అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "సారు, మీరు తిన్నరా?" అని అడిగాడు.

మర్నాడు సరోజ గోవిందును లేపి నడిపించింది. పేగు ఆపరేషన్ అయినవాళ్లను డాక్టర్లు పూటపూటకూ అడిగే ప్రశ్న ఒకటుంది. గ్యాస్ పోయిందా అని. పేగు మళ్లీ పని మొదలుపెట్టిందనడానికి అదే గుర్తు. ఆ రోజు పోలేదు. దాని తర్వాతి రోజు పొద్దున శ్రీజ వార్డులోకి రాగానే, గోవిందు పక్క మంచాల వాళ్లందరికీ వినబడేలా, "పోయింది బిడ్డా. మంచిగ పోయింది," అన్నాడు.

"మెల్లగ చెప్పరాదు," అంది ఇందిరమ్మ తల వంచుకుని.

"ఎందుకు మెల్లగ? మెల్లగ చెప్పి చెప్పే గింత దూరం తెచ్చుకున్న."

వార్డంతా నవ్వింది. పక్క మంచం మీది మనిషి తనకింకా పోలేదని దిగులుగా చెప్పాడు. గోవిందు అతన్ని లేపి తనతో పాటు వరండాలో నడిపించాడు.

పరీక్షకు పంపిన గడ్డ రిపోర్టు మంచిగానే వచ్చింది. చుట్టుపక్కల గ్రంథుల్లోకి క్యాన్సర్ పాకలేదు. కీమో అవసరం లేదు, పరీక్షలు మాత్రం క్రమం తప్పకుండా చేయించుకోవాలి. ఇంటికి వెళ్లిన కొన్ని వారాలకే గోవిందు మగ్గం ఎక్కుతానని గొడవపెట్టాడు. తిమ్మప్ప ఇంకొన్నాళ్లు ఆగమంటే ఆగాడు. శ్రీజ చెప్పి ఉంటే వినేవాడు కాదని ఇందిరమ్మ అంది. ఆ ఖాళీ రోజుల్లో ఆయన నేతగాళ్ల ఇళ్లకు తిరిగాడు. ఎవరింటికి పోయినా, చాయ్ తాగి, సూటిగా, "రక్తం గిట్ల పడుతుందా?" అని అడిగేవాడు. మొదట్లో జనం మొహం తిప్పుకున్నారు. తర్వాత ఒక్కరొక్కరే బయటపడ్డారు. చాలామందికి మొలలే. ఒకాయనకు మాత్రం పేగులో క్యాన్సర్‌గా మారబోయే కండ దొరికింది. దాన్ని కెమెరా గొట్టంతోనే తీసేశారు, ఆపరేషన్ అక్కర్లేకపోయింది.

మరుసటి ఏడాది నాగర్‌కర్నూల్‌లో కొత్తగా కట్టిన ఒక ఆసుపత్రి వాళ్లు ఇట్లాంటి ఆపరేషన్లు మొదలుపెట్టాలని శ్రీజను అడిగారు. తాను రానని, తిమ్మప్పను పంపుతానని ఆమె చెప్పింది. తిమ్మప్ప బెదిరాడు. "ఈడ మీరొక్కరే అయితరు గద మేడం," అన్నాడు.

"ఇంకొకరికి నేర్పుకుంట. నువ్వు పో. నువ్వు కూడ ఆడ ఒకరికి నేర్పు."

మొదటి ఆపరేషన్ రోజు శ్రీజ నాగర్‌కర్నూల్ వెళ్లింది. పేషెంటు తిమ్మాజిపేట నుంచి వచ్చిన రామేశ్వరమ్మ. పత్తి చేలల్లో ఎండకు కాలిన ముఖం, మాటలో బెరుకు లేని మనిషి. శ్రీజను చూడగానే ప్రాణం లేచి వచ్చినట్టు మంచం మీద కూర్చుంది.

"వనపర్తి మేడం నువ్వే గదమ్మా? నువ్వొచ్చినవంటే నువ్వే చేస్తవు గదా?"

"కాదమ్మా. ఈ సారు చేస్తడు."

రామేశ్వరమ్మ తిమ్మప్పను కిందికీ మీదికీ చూసింది. "పోరని లెక్కున్నడు," అంది, అతను వింటుండగానే.

"మా నాయినకు కూడ గిదే జబ్బు వచ్చిందమ్మా," అంది శ్రీజ. "ఆపరేషన్ చేసింది ఈ సారే."

"నువ్వుండంగ ఈయన చేసిండా?"

"నేనుండంగనే. నాకన్న మంచిగ చేసిండు."

తిమ్మప్ప కేసు షీటులోకి తల దించుకున్నాడు. రామేశ్వరమ్మ ఇంకా నమ్మలేదు. "మీ నాయిన ఇప్పుడెట్లుండు?"

"చీరలు నేస్తుండు. వద్దన్నా వింటలేడు."

రామేశ్వరమ్మ చేతి గాజులు తీసి కూతురికి ఇచ్చి, "అయితే నడువు సారు," అంది.

ఆపరేషన్ నడుస్తున్నంతసేపూ శ్రీజ గోడ పక్కన నిలబడి తెర చూసింది. ఒక్కసారి కూడా "ఆగు" అనే అవసరం రాలేదు. అయ్యాక తిమ్మప్ప మాస్కు విప్పుకుంటూ ఆమె వైపు చూశాడు, ఇంటివాళ్లకు ఆమే చెబుతుందనుకుని. శ్రీజ తల అడ్డంగా ఊపి, తలుపు తీసి పట్టుకుంది. అతను ముందుకు నడిచి, బయట లేచి నిలబడిన రామేశ్వరమ్మ కూతురి దగ్గరికి వెళ్లి చెప్పడం మొదలుపెట్టాడు. శ్రీజ ఆ చుట్టాల వెనక నిలబడి, వాళ్లలో ఒకతెలాగా, అతను చెప్పేది మొత్తం విన్నది.